ముందు కన్ను ఎక్కడ ఆగుతుందో చూడు

చిరంజీవి రమ్యకు ఆశీస్సులు.

ఏ పోస్టర్‌ని చూసినా "ఈ రంగు బాగుంది, ఆ రంగు బాలేదు" అంటూ మొదలుపెట్టకు. రంగు సంగతి ఆఖర్న. ముందు నాలుగడుగులు వెనక్కి జరిగి, కళ్లు సగం మూసి చూడు. అక్షరాలు అలుక్కుపోయి ముద్దల్లా కనిపిస్తాయి. ఏ ముద్ద ముందు కంట్లో పడిందో, చూపు తర్వాత ఎటు పోయిందో 1, 2, 3 అని కాగితం మీద రాసుకో. మాటలు ఏం రాసి ఉన్నా, చూసేవాళ్లకు అందేది ఆ వరసే. రక్తదాన శిబిరం పోస్టర్‌లో 1 నిర్వాహకుల ఫొటో మీద పడి, తేదీకి 4 దక్కిందనుకో. శిబిరం ఎవరు పెడుతున్నారో తెలుస్తుంది, ఎప్పుడు రావాలో తెలియదు.

ఈ వరసను మార్చడానికి మొదటి పనిముట్టు సైజు. ఇక్కడ చాలామంది పిసినారితనం చూపిస్తారు. మామూలు అక్షరం 12 పాయింట్లుంటే శీర్షికకు 14 పెడతారు. అది కావాలని చేసినట్టుండదు, పొరపాటున జరిగినట్టుంటుంది. 24 పెట్టి చూడు.

తర్వాత ఖాళీలు. నన్నడిగితే అసలు డిజైన్ అంతా ఇక్కడే ఉంది. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒకే గుంపు కింద లెక్కేస్తుంది. మాక్స్ వెర్టైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లోనే దీన్ని చుక్కల వరసలతో చూపించాడు. ఫొటోల కింద పేర్లు వేసేటప్పుడు ఫొటోకూ దాని పేరుకూ మధ్య 6 మిల్లీమీటర్లు, ఆ పేరుకూ కింది ఫొటోకూ మధ్య కూడా 6 మిల్లీమీటర్లు వదిలితే, ఏ పేరు ఎవరిదో తేలదు. మొదటి ఖాళీని 2కి తగ్గించు. గీతలూ డబ్బాలూ లేకుండానే సరిపోతుంది. శీర్షికకూ ఇదే లెక్క: కింద వదిలినదానికి రెట్టింపు పైన వదులు, లేకపోతే అది పై పేరాకు తోకలా ఉంటుంది.

తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. వరసల మధ్య ఎడం చాలకపోతే పై వరస వత్తు కింది వరస గుడిని తగులుతుంది. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, ఫాంటును బట్టి సర్దుకో. చిన్న సైజులో బోల్డ్ వద్దు, సున్నాలు పూడిపోతాయి.

ఇక రంగు. భద్రతా గుర్తుల్లో నిషేధానికి ఎర్ర వలయం, అడ్డగీత. హెచ్చరికకు పసుపు త్రికోణం. తప్పక చేయాల్సినదానికి నీలి వృత్తం. ఏ గుర్తునూ రంగు ఒక్కదానికే వదిలెయ్యలేదు, ఆకారం కూడా తోడిచ్చారు చూశావా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు చాలానే ఉంటాయి మరి. నువ్వూ నీ పోస్టర్‌ని ఒకసారి నలుపు తెలుపుల్లోకి మార్చి చూడు. తెర మీద చదివే మామూలు అక్షరానికి, దాని వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెలుపు మీద అచ్చ ఎరుపుకు వచ్చేది 4:1 మాత్రమే. శీర్షికకు పనికొస్తుంది, చిన్న అక్షరాల్లో షరతులు రాయడానికి పనికిరాదు. తెలుపు మీద పసుపైతే 1.1:1 కూడా రాదు.

అంతా అయ్యాక, ఆ పనితో సంబంధం లేని మనిషికి 5 సెకన్లు చూపించి దాచెయ్యి. "బాగుందా?" అని అడగకు, మొహమాటానికి బాగుందంటారు. "ఇది చూశాక నువ్వేం చేయాలి?" అని అడుగు. తప్పు చెబితే వివరించబోకు. 1 అంకె ఎక్కడ పడిందో మళ్లీ చూసుకుని, దాన్ని మార్చు.

మీ బాబాయి