తెలుగు వచ్చిన ఇంజనీరుకు మోడరేషన్‌లో దారి ఉందా?

ప్రశ్న: మాది ఒంగోలు. బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ చివరి ఏడాది. ఆన్‌లైన్‌లో వాక్ స్వాతంత్ర్యం, పోస్టులను సాఫ్ట్‌వేరే తీసేయడం మీద పనిచేస్తానంటోంది. ఒక ఔట్‌సోర్సింగ్ కంపెనీ తెలుగు కంటెంట్ మోడరేటర్‌గా ఆఫర్ ఇచ్చింది. చేర్చమంటారా, లా చదివించమంటారా?

జవాబు: ముందు ఆఫర్ సంగతి. క్యూలో, అంటే తన వంతుకు వచ్చిన పోస్టుల వరుసలో, ఒక్కొక్కటి ఉంచాలో తీసేయాలో తేల్చే పని అది. ఏ క్యూ ఇస్తారో, కౌన్సెలర్ ఉన్నారో లేదో, నైట్ షిఫ్టులెన్నో ఈమెయిల్‌లో అడిగించండి. హింస, పిల్లలపై అఘాయిత్యాల క్యూ అయితే వద్దనే చెబుతాను. రోజూ అవే చూస్తే నిద్ర పట్టదు, మనసు చెదురుతుంది. వేరే క్యూ అయితే ఏడాది చాలు. ఆ తర్వాత వేగం పెరుగుతుందే తప్ప కొత్తగా నేర్చుకునేది ఉండదు.

మీ అమ్మాయికి అసలు బలం తెలుగే. 'చంపేశావ్ అన్నా' అని మెచ్చుకుంటే యంత్రం బెదిరింపనుకుని తీసేయొచ్చు. బూతు మాటకు మధ్యలో చుక్కలు పెడితే వదిలేయొచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగైతే ఒక్క మాటకే నాలుగు స్పెల్లింగులు.

ఈ సెలవుల్లో ఒక ప్రాజెక్టు చేయమనండి. బహిరంగంగా ఉన్న 2,000 తెలుగు కామెంట్లు తీసుకుని, పేర్లు, ఐడీలు చెరిపేయాలి. ఏది చెడ్డదో చెప్పే రూలు ఒకటి రాసుకుని, దాని ప్రకారం ముగ్గురు ఎవరికి వారే ప్రతి కామెంటుకూ మంచిదో చెడ్డదో లేబుల్ వేయాలి. ఇద్దరిద్దరి చొప్పున కప్పా (ఇద్దరి లేబుళ్లు కాకతాళీయంగా కలిసేదానికి మించి ఎంత కలిశాయో చెప్పే కొలత) లెక్కకట్టి, 0.6 కన్నా తగ్గితే మోడల్ జోలికి పోకుండా రూలు తిరగరాయాలి. మనుషులకే అర్థం కాని రూలు యంత్రానికేం అర్థమవుతుంది? ఆ తర్వాతే మూరిల్ (భారతీయ భాషల కోసం గూగుల్ చేసిన ఏఐ మోడల్) లాంటిదానికి శిక్షణ.

ఫలితాన్ని 'యాక్యురసీ' అని ఒక్క అంకెలో చెప్పొద్దు. 10,000 కామెంట్లలో చెడ్డవి 100 అనుకుందాం. యంత్రం 90 పట్టింది, భేష్. కానీ మిగతా 9,900లో నూటికి 5 పొరపాటున పట్టినా 495. అంటే తీసేసిన 585లో 495 ఏ తప్పూ లేనివాళ్ల మాటలే! వాక్ స్వాతంత్ర్యం దెబ్బతినేది ఇక్కడే. ఇంటర్వ్యూలో ఈ లెక్క వేసి చూపిస్తే పాలసీ, క్వాలిటీ టీముల వాళ్లు తప్పక వింటారు.

చట్టం కూడా ఇదే అడుగుతోంది. 2021 ఐటీ రూల్స్‌లో 4(4) నిబంధన పెద్ద సోషల్ మీడియా ప్లాట్‌ఫామ్‌లు వాడే ఆటోమేటిక్ టూల్స్ గురించి. వాక్ స్వాతంత్ర్యాన్ని దృష్టిలో పెట్టుకుని అవి హద్దులో ఉండాలని, మనుషుల పర్యవేక్షణ, కచ్చితత్వంపై సమీక్ష ఉండాలని చెబుతుంది. దాంతోపాటు ఆన్‌లైన్‌లో అభ్యంతరకర పోస్టులను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసిన 2015 శ్రేయా సింఘాల్ తీర్పు, యూజర్ల పోస్టులకు ప్లాట్‌ఫామ్ ఎప్పుడు బాధ్యత వహించనక్కర్లేదో చెప్పే అదే చట్టం 79వ సెక్షన్ చదవాలి.

లా ఇప్పుడే వద్దు. రెండేళ్లు పనిచేశాక నాగరభావిలోని నేషనల్ లా స్కూల్లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది, రెండేళ్ల పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది. రెండింటికీ ఎన్‌ఎల్‌ఎస్‌ఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈలోగా సహయోగ్ పోర్టల్‌పై (పోస్టులు తీసేయమని ప్రభుత్వ సంస్థలు ప్లాట్‌ఫామ్‌లకు నోటీసులు పంపే వేదిక) ఎక్స్ (పాత ట్విటర్) వేసిన పిటిషన్‌ను కొట్టేస్తూ కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పు మొదటి నుంచి చివరిదాకా చదవమనండి. పొడవైన తీర్పు. విసుగు లేకుండా పూర్తిచేసి, ఎక్కడ ఒప్పుకుంటుందో ఎక్కడ ఒప్పుకోదో మీకు చెప్పగలిగితే, అప్పుడు లా ఫీజు గురించి మాట్లాడుకుందాం.