సూది తక్కువలో వేస్తారని పిలవకండి, ఐసు డబ్బా ఉందా అడగండి

ప్రశ్న: మేం విజయవాడ పటమటలో ఉంటాం. 50 రోజుల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం. ఒక టీకా అయిందని అమ్మినాయన చెప్పాడు గానీ కార్డు ఇవ్వలేదు. ఇంటికే వచ్చి తక్కువలో సూది వేసే మనిషి ఉన్నాడని పక్కింటివాళ్లు అంటున్నారు. పిలవమంటారా? మంచి డాక్టర్‌ని ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: ఇంటికి రావడం తప్పు కాదండీ, నేనూ వెళ్తుంటాను. కాకపోతే ఆయన డాక్టరా, ఎక్కడైనా కాంపౌండరుగా చేసి నేర్చుకున్నాడా కనుక్కోండి. బి.వి.ఎస్సీ. అనే పశువైద్య డిగ్రీ చదివి వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టరైన వాళ్లకు నంబరు ఉంటుంది, అడిగితే చెప్పడానికి ఇబ్బందేమీ ఉండదు. టీకా దేంట్లో తెచ్చాడన్నది ఇంకా ముఖ్యం. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిప్పిన మందును నేనైతే నమ్మను. వేశాక సీసా మీది స్టిక్కర్ ఒలిచి, కార్డులో అంటించి, తేదీ వేసి సంతకం పెట్టాలి.

కార్డు లేదంటే టీకా పడనట్టే లెక్కేసుకుని మొదట్నుంచీ వేయించండి. ఇప్పుడొకటి, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. మూడు నెలలు దాటాక రేబిస్. ఈ టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగేచోట కింద దింపకండి, క్లినిక్‌లో కూడా బల్ల ఎక్కించేదాకా ఒళ్లోనే ఉంచుకోండి. పార్వో అనే వైరస్ జబ్బు సోకితే వాంతులు, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది.

ఇక డాక్టర్ సంగతి. పిల్ల హుషారుగా ఉన్నప్పుడే ఒకసారి తీసుకెళ్లి, ఆయన ఏం చేస్తున్నాడో చూస్తూ ఉండండి. బరువు తూచి, టెంపరేచర్ చూసి, చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా అని పెదవి ఎత్తి చూసి, కాలివేళ్ల సందుల్లో గోమార్లు వెతికాకే సూది తీశాడా? గోమార్ల వల్ల జ్వరమొచ్చి తిండి మానేసిన కుక్కలు మన దగ్గర బోలెడు, వాటికి రక్తపరీక్ష చేయించకుండా ఎండదెబ్బ అని సెలైన్ పెట్టి పంపేస్తే రోగం అలాగే ఉండిపోతుంది. రాత్రి 11కి వాంతులైతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అప్పుడే అడిగేయండి. ఈ లోపు మన ఇంట్లో ఉండే ఐబుప్రోఫెన్ లాంటివి మాత్రం వేయకండి, అవి కుక్కకు విషం. చేతకాని కేసైతే గన్నవరం వెటర్నరీ కాలేజీకి పంపిస్తానని మొహమాటం లేకుండా చెప్పే డాక్టర్ దొరికితే వదులుకోకండి.

వెళ్లేటప్పుడు పొద్దున వేసిన మలం కొంచెం డబ్బాలో పట్టుకెళ్లండి, నులిపురుగులున్నాయేమో చూస్తారు.