లిడియా సమాధిలోని ముద్రపై పర్షియా రాజు ఎందుకు?

ప్రశ్న: సార్డిస్‌లోని ఒక లిడియా సమాధిలో దొరికిన చిన్న రాతి ముద్ర ఫొటో చూశాను. దానిపై పర్షియా రాజులా కిరీటం ధరించిన మనిషి సింహాలతో పోరాడుతున్నాడు. అలాగైతే అందులో పూడ్చినది పర్షియా వారినేనా? ముద్ర పైకొసన రంధ్రం ఎందుకు?

జవాబు: బొమ్మలోని వేషం చూసి ముద్ర ఎవరిదో తేల్చలేము. నేటి పశ్చిమ టర్కీలో ఉన్న సార్డిస్ లిడియా రాజ్యానికి రాజధానిగా ఉండేది, క్రీ.పూ. 547 ప్రాంతంలో పర్షియా చక్రవర్తి సైరస్ అక్కడి రాజు క్రోయిసస్‌ను ఓడించిన తరువాత, అలెగ్జాండర్ వచ్చేవరకు అది క్షత్రపుల (పర్షియా చక్రవర్తి తరఫున ప్రాంతాలను ఏలే అధికారుల) పాలనా కేంద్రమైంది. ఆ కొలువుతో సంబంధమున్న స్థానిక ప్రముఖులు కూడా రాజదర్బారు శైలి బొమ్మలనే చెక్కించుకున్నారు. ఈ కాలపు పిరమిడ్ ఆకారపు ముద్రలలో ఒకదానిపై లిడియా లిపిలో ‘మానెలిం’ అని ఉంది. ‘నేను మానే అనే వ్యక్తి సొత్తును’ అని ముద్రే చెబుతున్నట్లు దాని అర్థం. నా దృష్టిలో ఆ ఒక్క మాట కిరీటం కన్నా నమ్మదగిన సాక్ష్యం.

రంధ్రం ముద్రను వేలాడదీసుకోవడానికి. కొన్నింటికి బంగారు, వెండి కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. అలాగని అది కేవలం నగ కాదు. పత్రాన్ని మడిచి దారంతో కట్టి, ముడిపై తడిమట్టి ముద్ద పెట్టి, దానిపై ముద్రను అదిమేవారు. మర్మరా సముద్రానికి దక్షిణాన మరో క్షత్రప కేంద్రమైన దస్కిలియోన్‌లో పత్రాలు నశించినా, వెనుకవైపు దారం గుర్తులు ఉన్న అలాంటి మట్టి ముద్దలు వందల సంఖ్యలో దొరికాయి.

ఈ ముద్రలకు ఎక్కువగా వాడిన కాల్సిడనీ అనే రాయి గాజు కన్నా గట్టిది; మామూలు ఇనుప ఉలి దానిని గీయలేదు. అందుకే తిరిగే బరమాకు గరుకు పొడి రాసి, బొమ్మను కొద్దికొద్దిగా అరగదీసేవారు. అచ్చు పడినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక, రాతిపై అక్షరాలను తిరగేసి చెక్కవలసి వచ్చేది.

ఇక సమాధి సంగతి. 1910–1914 మధ్య అమెరికా పురావస్తు శాస్త్రవేత్త హోవర్డ్ క్రాస్బీ బట్లర్ బృందం సార్డిస్‌లో వెయ్యికి పైగా సమాధులను తెరిచింది. వాటిలో చాలావరకు అప్పటికే దోపిడీకి గురయ్యాయి. కొండను తొలిచిన గదులలో ఒకరి తరువాత ఒకరిని పూడ్చిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటి గదిలో దొరికిన ముద్రను ఫలానా అస్థిపంజరానిదని చెప్పడం కూడా కష్టమే.