పచ్చిక కింద వేరుపురుగు

ప్రశ్న: మా ఇంటి ముందున్న గరిక పచ్చిక, వానలు మొదలైన నెలన్నరకే అక్కడక్కడ పసుపుబారి ఎండిపోతోంది. ఎన్ని నీళ్లు పెట్టినా తేరుకోవడం లేదు. గోరింకలు మాత్రం రోజంతా అక్కడే పొడుస్తున్నాయి. ఏ మందు చల్లాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మందు మాట తరువాత చూద్దాం, ముందు ఎండిన చోట గరికను గుప్పిట పట్టి లాగండి. వేళ్లు తెగి చాపలా లేచి వస్తే, కింద 2, 3 అంగుళాల లోతులో, గోధుమరంగు తలతో కొడవలిలా వంగిన తెల్లని పురుగులు కనిపిస్తాయి. మన వేరుశనగ రైతులకు బాగా తెలిసిన వేరుపురుగు ఇదే. గోరింకలు వెతుకుతున్నది బహుశా దీనినే కనుక వాటిని తోలకండి.

తొలకరి వానలకు నేలలోంచి వెలువడే పెంకుపురుగులు రాత్రివేళ వేప వంటి చెట్ల ఆకులు తిని, తిరిగి మట్టిలోనే గుడ్లు పెడతాయి. ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్లపురుగులే ఈ వేరుపురుగులు; ఇవి మట్టిలోనే ఉండి గరిక వేళ్లు తింటాయి. కాబట్టి గరిక ఆకులపై పైపైన మందు కొట్టడం దండగ. దొరికిన పురుగులను ఏరివేసి, పురుగులను చంపే మెటరైజియం అనే శిలీంధ్రపు (బూజు) పొడిని బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి, సాయంత్రం తడి నేలపై చల్లి, మట్టిలోకి దిగేలా నీరు పెట్టండి. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. వచ్చే ఏడాది తొలి వాన పడిన రాత్రుల్లో వేపకొమ్మలు దులిపి, రాలిన పెంకుపురుగులను సబ్బునీళ్ల బకెట్‌లో వేయండి.