సంతకం పెట్టే ముందు

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పిల్లల కోసం మాంత్రికుల నవల రాస్తున్నావనీ, దానికోసం బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వబోతున్నావనీ, ఒక ప్రచురణకర్త అప్పుడే ఒప్పంద పత్రం కూడా పంపాడనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మొదటి మాటకు సంతోషంతో ఉప్పొంగిపోయాను. రెండో మాటకు కంగారు పడ్డాను. మూడో మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రోజూ రాయి. రాసింది పైకి చదువు. పక్కింటి పిల్లలకు వినిపించు, వాళ్లు దిక్కులు చూసిన చోటల్లా కొట్టెయ్యి. ఇవి నీకు తెలిసినవే.

ఉద్యోగం మానడానికి నువ్వు హ్యారీ పోటర్ నవలలు రాసిన రౌలింగ్ గారిని ఉదాహరణగా చూపిస్తున్నావట. పన్నెండు మంది ప్రచురణకర్తలు తిప్పి పంపిన ఆమె మొదటి నవలను బ్లూమ్స్‌బరీ సంస్థ 1997లో అచ్చు వేసినప్పుడు గట్టి అట్టతో వేసినవి 500 ప్రతులే. పిల్లల పుస్తకాల మీద బతకడం కష్టం, ఏదైనా ఉద్యోగం చూసుకోమని ఆమెకు చెప్పింది కూడా ఆ పుస్తకాన్ని ఎంచుకున్న సంపాదకుడు బారీ కన్నింగ్‌హామే. కోట్ల ప్రతులు తర్వాతి మాట. నెల జీతం చేతికందుతున్నంత కాలం ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా, చదివి చెబుతాను అనగలిగే ధైర్యం ఉంటుంది. నిన్ను ఉద్యోగం మానవద్దనడం అందుకే గాని నీ కలం మీద నమ్మకం లేక కాదు.

నువ్వు రౌలింగ్ గారి ఎడింబరో కథ చెప్పావు కనుక నేను మద్రాసు కథ చెబుతాను. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1952లో చందమామలో చేరి యాభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు. తోకచుక్క మొదలుకొని భల్లూక మాంత్రికుడి దాకా పన్నెండు సీరియళ్లు రాశారు. రాకాసి లోయలోని బ్రహ్మదండి మాంత్రికుడు ఏ ఊరు చేరాడో, శిథిలాలయంలో శిఖిముఖీ విక్రమకేసరీ ఎలా బయటపడతారో తెలియక, చిత్రా గారి బొమ్మలను చూసుకుంటూ నెలంతా వేచి ఉన్న పిల్లల్లో నేనూ మీ అమ్మా ఉన్నాం. సంచిక రాగానే ఎవరు ముందు చదవాలన్నదాని మీద మా ఇద్దరికీ జుట్లు పట్టుకునేదాకా వచ్చేది. అంత ఇష్టపడి చదివిన మాకు ఆ కథలు రాసిందెవరో తెలియదు. చందమామ సిబ్బంది రాసిన వాటికి రచయిత పేరు వేసే ఆనవాయితీ లేదు కనుక ఆ సీరియళ్ల మీద ఆయన పేరు ఉండేది కాదు. ఎన్నో భాషల పిల్లలు చదివిన రచయిత పేరు చాలామంది పాఠకులకు తెలిసింది ఆయన ముసలితనంలోనే. 2010లో ఆయన పోయారు. ఆ పత్రిక మీద నాకు ఇప్పటికీ ప్రేమే, కానీ ఆ ఆనవాయితీ మాత్రం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో నీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మీ పెదనాన్న బడి నుంచి వచ్చి, హరికేన్ లాంతరు దగ్గర కూర్చుని, పిల్లల కోసం ఒక మాంత్రికుడి నవల రాశారు. ఒక ప్రచురణకర్త తీసుకుంటానన్నాడు. ఆ వారంలోనే మీ అన్నయ్య ఫీజు కట్టాలి. డబ్బు ముట్టినట్టు రసీదు ఇమ్మంటే ఆయన రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి ఇచ్చేశారు. పైన టైపు చేసిన రెండు వరుసల్లో "సర్వహక్కులు" అనే మాట ఉంది. ఆయన అంకె చూశారు గాని ఆ మాట చూడలేదు. కొన్నేళ్లకు రంగుల అట్టతో మళ్లీ వేసినప్పుడు రచయిత పేరే తీసేశారు. మా పక్క వాటా పిల్లవాడు ఆ పుస్తకం తెచ్చుకుని అరుగు మీద బిగ్గరగా చదువుతుంటే, మీ పెదనాన్న పడక కుర్చీలో కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నారు. ఆ కథ మీరే రాశారని చెప్పండి అన్నాను. "చెబితే నమ్ముతాడా?" అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకొక కథ మొదలుపెట్టలేదు. డబ్బు పోయినందుకు నాకు బాధ లేదు, ఆయన కలం ఆగిపోయినందుకే ఇప్పటికీ కోపం.

అప్పుడు మాకు తెలియని సంగతులు నువ్వు తెలుసుకో. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకమైన పత్రం, దాని మీద సంతకం ఉండాలి. ఏ హక్కులో, ఎంత కాలానికో, ఏ ప్రాంతానికో, నీకు రావలసిన రాయల్టీ ఎంతో అందులో రాసి ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని అర్థం. హక్కులు అమ్మేసిన తర్వాత కూడా, ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. మీ పెదనాన్నకు ఈ ఒక్క మాట తెలిసి ఉంటే! అనువాదం, సినిమా, ఆడియో, ఈబుక్ హక్కులను నవలతో కలిపి గంపగుత్తగా ఇవ్వకు. పత్రంలో ఆ మాటలు ఎక్కడున్నా గీత గీసి, వకీలుకు చూపించు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. నీడలను తూకానికి అమ్మే సంత నాకు ఎంతో నచ్చింది, ఆ ఆలోచన నీకు ఎలా తట్టిందోనని మురిసిపోయాను. అయితే రెండో అధ్యాయంలో మాంత్రికుడు తన శక్తుల గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. దాసరి వారి మాంత్రికులు అలా ఆగి చెప్పరు, వాళ్లకు ఏదో ఒక పని మీద పడి పరుగెత్తడమే తెలుసు. ఆ రెండు పేజీలూ తీసెయ్యి, నీకు మనసొప్పకపోయినా సరే. మొన్న మీ అమ్మతో కాస్త కరుకుగా మాట్లాడాను, అది నీ మీద కోపం కాదమ్మా.

ఇంకొక్కటి. మగపిల్లలు ఆడవాళ్ల పుస్తకం చదవరేమోనన్న అనుమానంతో రౌలింగ్ గారిని ప్రచురణకర్తలు పొడి అక్షరాలతో పేరు పెట్టుకోమన్నారు, ఆమె ఒప్పుకుంది. నిన్ను అలా అడిగితే ఒప్పుకోకు. అట్ట మీద, లోపలి పేజీలో, ప్రతి పునర్ముద్రణలో నీ పూర్తి పేరు వేస్తామని ఒప్పందంలోనే రాయించు. ఆ పత్రం నకలు ఈ వారంలో నాకు పోస్టు చెయ్యి. సంతకం పెట్టకుండా.

ఇట్లు,
నీ పెద్దమ్మ