ఆరు నిమిషాలు ఆడిన అమ్మాయి సీజనంతా ఏం చేసింది?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోనే పుట్టి పెరిగింది, అక్కడే ఒక డివిజన్ టూ (కాలేజీ ఆటల్లో రెండో స్థాయి) కాలేజీలో బయాలజీ మూడో ఏడు చదువుతూ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆడుతోంది. ఈ సీజన్లో వాళ్ళ టీమ్ మొట్టమొదటిసారి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) టోర్నమెంట్‌కి వెళ్ళి, ఒక మ్యాచ్ గెలిచి, రెండో రౌండ్లో ఓడిపోయింది. కాలేజీలో పెద్ద సంబరమే చేశారు. అప్పట్నుంచి, డిగ్రీ తర్వాత చదవాలనుకున్న ఫిజికల్ థెరపీ (ఫిజియోథెరపీ) మాట ఎత్తితే దాటేస్తోంది, బాస్కెట్‌బాల్‌లోనే ఉంటానంటోంది. నిజం చెప్పాలంటే తను మ్యాచ్‌కి ఆరు నిమిషాలు కూడా ఆడదు. వాళ్ళ నాన్నకి కోపం, నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు అమ్మాయికి నా తరఫున కంగ్రాట్స్ చెప్పండి. డివిజన్ టూలో మూడొందల దాకా మహిళల టీమ్‌లు ఉంటే టోర్నమెంట్‌లో చోటు 64 టీమ్‌లకే. అందులోకి తొలిసారి వెళ్ళి ఒక మ్యాచ్ గెలిచి రావడమంటే ఆ పిల్లలు నెల రోజులు నేలమీద నడవకపోయినా తప్పులేదు, కాబట్టి ఇంకొన్నాళ్ళు ఆ సంతోషంలో ఉండనివ్వండి.

మీరు ఉత్తరంతో పాటు పంపిన వీడియో మొత్తం చూశాను. అమ్మ తీసిన వీడియో కదా, బంతి కంటే అమ్మాయే ఎక్కువ కనపడింది, అదే మంచిదైంది. మూడో క్వార్టర్లో ఒకచోట అవతలి టీమ్ గార్డ్, అంటే వాళ్ళ ఆట నడిపించే అమ్మాయి, బంతి ఆడిస్తూ పిడికిలి పైకెత్తింది. ఇంకా పాస్ కూడా ఇవ్వలేదు, బెంచీ చివర కూర్చున్న మీ అమ్మాయి గబుక్కున లేచి ఎడమవైపు చెయ్యి చూపిస్తూ ఏదో అరిచింది. కోర్టులో ఉన్న తన టీమ్ అమ్మాయి రెండడుగులు అటు జరిగింది, బంతి నేరుగా ఆమె చేతుల్లోకే వచ్చి పడింది. పాయింట్ల పట్టికలో మీ అమ్మాయి పేరు ఎదుట సున్నాయే ఉంటుంది, ఆ బంతి దొరకడంలో మాత్రం సగం వాటా తనది.

అదెలా తెలిసిందంటే, ఎక్కువసేపు ఆడని పిల్లలతో చాలా టీమ్‌లు ప్రాక్టీస్‌లో స్కౌట్ టీమ్ అని ఒకటి పెడతాయి. రాబోయే మ్యాచ్‌లో ఎవరితో ఆడాలో వాళ్ళ ఆటంతా వీడియోల్లో చూసి, వాళ్ళ సైగలు, వాళ్ళ కదలికలు నేర్చుకుని, ప్రాక్టీస్‌లో వాళ్ళలాగే ఆడి చూపించాలి, అప్పుడే అసలు ఐదుగురికీ మ్యాచ్‌లో ఏం ఎదురవుతుందో ముందే తెలుస్తుంది. వారం తిరిగేసరికి ఇంకో టీమ్, మళ్ళీ కొత్త సైగలు. సీజన్లో కోచ్ పెట్టే ప్రాక్టీస్‌కీ మ్యాచ్‌లకీ వారానికి 20 గంటలు మించకూడదని ఎన్‌సీఏఏ నియమం, ఆ గంటల్లో మీ అమ్మాయి ఎక్కువ భాగం వేరేవాళ్ళ ఆట చదవడంలోనే గడిపి ఉంటుంది. స్కౌట్ టీమ్‌లో ఉందో లేదో తననే అడగండి, నేనైతే ఉందనే పందెం కాస్తాను. మీరు ‘ఆరు నిమిషాలు’ అని చిన్నబుచ్చుకుంటున్నారు గానీ నాకు కనపడేది ఈ పనే.

ఇక బాస్కెట్‌బాల్‌లోనే ఉంటాననడం సంగతి. ప్లేయర్‌గానా అంటే, కాదు, ఈ విషయంలో మొహమాటం అనవసరం. అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ 2024 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ప్లేయర్లని ఎంచుకునే కార్యక్రమంలో, తీసుకున్నది మొత్తం 36 మందిని, అప్పటికి లీగ్‌లో 12 టీమ్‌లు, టీమ్‌కి 12 మంది చొప్పున చూసినా 144 చోట్లు, వాటికోసం దేశంలోని డివిజన్ వన్ స్టార్లూ విదేశీ ప్లేయర్లూ కొట్టుకుంటారు. ఇది మీకంటే మీ అమ్మాయికే బాగా తెలుసు, రోజూ కోర్టులో ఉంటోంది కదా. తను ‘ఆడతాను’ అందా, ‘ఉంటాను’ అందా? మీరు రాసింది ‘ఉంటానంటోంది’ అనే. ఆ మాట పట్టుకుని నెమ్మదిగా అడగండి. కోచింగా, వీడియో విశ్లేషణా, అథ్లెటిక్ ట్రైనరా, గాయపడ్డ ప్లేయర్లని మళ్ళీ నిలబెట్టే ఫిజికల్ థెరపిస్టా? ఈ చివరిది చూశారా, మీ ఇంట్లో గొడవ జరుగుతున్నది దీని గురించే. డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ చేసినవాళ్ళు స్పోర్ట్స్ వైపు వెళ్ళొచ్చు. కాబట్టి ఇది ‘ఆటా, చదువా’ అనే పేచీ కాకపోవచ్చు.

కోచింగ్ అంటే వాళ్ళ నాన్న ఉలిక్కిపడతారేమో, అదీ చెబుతాను. మామూలు దారి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరడం: రెండేళ్ళు మాస్టర్స్ చదువుతూ ఏదో ఒక కాలేజీ టీమ్‌కి కోచ్ కింద పనిచేస్తారు, ఫీజు మొత్తమో కొంతో మాఫీ అవుతుంది, చిన్న స్టైపెండ్ ఇస్తారు. పని మాత్రం బండెడు. వీడియోలు కత్తిరించడం, బస్సులు మాట్లాడటం, రాత్రి పదకొండింటికి కోచ్ ఫోన్ ఎత్తడం. మొదట్లో జీతం తక్కువ, ఏడాదికోసారి ఊరు మారాల్సి రావచ్చు. కోచ్‌ల సంఘం డబ్ల్యూబీసీఏ, ఆట ముగించుకుని కోచింగ్‌లోకి రావాలనుకునే అమ్మాయిలకి ప్రత్యేకంగా శిక్షణ పెడుతుంది, చివరి ఏడు దానికి అప్లై చేయొచ్చు. 1972లో టైటిల్ నైన్ చట్టం (చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదన్నది) వచ్చేనాటికి కాలేజీ మహిళల టీమ్‌ల కోచ్‌ల్లో 90 శాతానికి పైగా ఆడవాళ్ళే ఉండేవారు, డబ్బూ పేరూ వచ్చాక మగవాళ్ళు దిగారు, ఇప్పుడు అన్ని ఆటలూ కలిపితే ఆడవాళ్ళు సగం కూడా లేరు. అందుకే ఇలాంటి కార్యక్రమాలు.

ఇప్పుడు అర్జెంటు విషయం. చిన్న కాలేజీ టీమ్‌కి ఇలాంటి సీజన్ వచ్చిందంటే ఆ కోచ్‌కి పెద్ద కాలేజీల నుంచి ఫోన్లు మొదలవుతాయి, ఏప్రిల్ మే నెలల్లో కోచ్ వెళ్ళిపోవడం, వెనకే నలుగురు పిల్లలు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే చోటు) దూకడం మామూలే. అందుకని మీ అమ్మాయి ఈ వారమే కోచ్ దగ్గర కూర్చుని ‘నేను స్కౌట్ టీమ్‌లో చేసిన పని గురించి ఒక సిఫారసు ఉత్తరం కావాలి’ అని ఆ పని పేరు పెట్టి మరీ అడగాలి. ఊరికే ఉత్తరం అడిగితే ‘చాలా కష్టపడే అమ్మాయి’ అని రెండు లైన్లు వస్తాయి, వాటిని ఎవరూ చదవరు. తనకి స్కాలర్‌షిప్ ఉంటే వచ్చే ఏడాదికి కొనసాగుతుందో లేదో కాలేజీ జూలై 1 లోపు చెప్పాలి, అదీ కనుక్కోండి.

రెజ్యూమేలో కూడా అంతే. ‘చారిత్రాత్మక సీజన్ సాధించిన టీమ్ సభ్యురాలు’ అని రాస్తే ఆ టీమ్‌లో పదిహేను మందీ అదే రాస్తారు. ‘ప్రతి వారం ప్రత్యర్థి టీమ్ ఆటను వీడియోల్లో చదివి, ప్రాక్టీస్‌లో వాళ్ళ పాయింట్ గార్డ్ పాత్ర పోషించాను’ అని రాయమనండి, నిజంగా చేసినదైతే. చదివినవాళ్ళు ఆగి ఇంకో ప్రశ్న అడుగుతారు. ఎన్ని టీమ్‌లకి చేసింది, ఏ సైగకి ఏ ఎత్తుగడ, ఇవన్నీ ఇప్పుడే ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి, ఆరు నెలలు పోతే సంబరాల ఫోటో ఒక్కటే గుర్తుంటుంది.

ఫిజికల్ థెరపీ దారి మూసేయకుండా ఉండాలంటే చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ఎక్కువ ప్రోగ్రామ్‌లకి అప్లికేషన్ ఒకే చోట, పీటీక్యాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా, జూన్ మధ్యలో తెరుస్తారు. అనాటమీ, ఫిజియాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ లాంటి కోర్సుల్లో ఏవి మిగిలాయో చూడండి. సాయంత్రం ల్యాబ్‌లు ప్రాక్టీస్‌తో ఢీకొంటాయని ఆటగాళ్ళు వాయిదా వేస్తూ వస్తారు, చివరి ఏడు అవే మెడకి చుట్టుకుంటాయి. థెరపిస్టుల పక్కన నిలబడి చూసిన గంటలు చాలా కాలేజీలు అడుగుతాయి, అవి ఈ వేసవిలో అయిపోతాయి, వచ్చే సీజన్ నవంబర్ నుంచి కదా. ఆ గంటలు స్పోర్ట్స్ క్లినిక్‌లోనే చేయమనండి. అక్కడ నచ్చితే తనే అప్లికేషన్ తెరుస్తుంది, నచ్చకపోతే మూడేళ్ళ ఫీజు కట్టక ముందే తెలిసిపోతుంది. ఒక ఏడాది ఆగి అప్లై చేసినా కొంపలేం మునగవు, చాలామంది అలాగే చేస్తున్నారు.

వాళ్ళ నాన్నకి ఇదంతా చదివి వినిపించక్కర్లేదు. ఆ వీడియో పెట్టి, మూడో క్వార్టర్లో అమ్మాయి లేచి నిలబడ్డ చోట ఆపండి. అవతలి అమ్మాయి పిడికిలి చూపించి, తర్వాత ఏం జరుగుతుందో ఆయన్నే చెప్పమనండి.