నిఘంటువులో పక్కపక్కనే ఉండే ఇంగ్లీషు మాటలకు అర్థంలో కూడా చుట్టరికం ఉంటుందా?

ఉంటుందని నమ్మినందుకు మా ఇంట్లో ఒక రాత్రి ఎవరికీ నిద్ర లేకుండా పోయింది కనుక, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు ఉందనుకుంటున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా తాతయ్య మెడ మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. అంబాజీపేట దగ్గరి మా ఊరి నుంచి పట్నం తీసుకువెళ్లి, ముక్క తీయించి పరీక్షకు ఇచ్చారు. వారం తర్వాత డాక్టరు గారు లేని వేళ వెళ్లిన మా నాన్నగారికి, ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట రాసి ఉన్న చీటీ దొరికింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడిగా పేరుపడ్డ నేను దాన్ని విప్పి చెప్పాలి. బి, ఇ, ఎన్, ఐ, జి వరకు స్పష్టంగానే ఉన్నాయి. ఆరో అక్షరం నిజానికి 'ఎన్' అయినా, డాక్టరు గారి చేతిలో దాని కాడ పైకి లేచి 'హెచ్' అయి కూర్చుంది, ఆ తర్వాత అంతా ఒక గీత. నిఘంటువు తీస్తే 'బినైటెడ్' కనిపించింది: చీకటిలో చిక్కుకున్న, అజ్ఞానాంధకారంలో మునిగిన అని అర్థం. దాని కిందనే 'బినైన్' ఉంది కానీ, పక్కమాటే కదా, అర్థం కూడా అటూఇటుగా అదే అయి ఉంటుందని పుస్తకం మూసేశాను.

"అంటే నాకు చీకటి పడిపోయిందంటావేంట్రా?" అని తాతయ్య పడక్కుర్చీలోంచి అడిగారు. నేను నోరు మెదపలేదు. నాయనమ్మ అప్పటికప్పుడు అయినవిల్లి వినాయకుడికి 108 కొబ్బరికాయలు మొక్కుకుంది.

తెల్లవారాక మా ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు చీటీ చూసి, అది బినైన్ అనీ, గడ్డ వల్ల ప్రాణానికి ఏ ముప్పూ లేదనీ చెప్పాడు. బినైన్‌లో ఉన్నది మేలు అనే అర్థమిచ్చే లాటిన్ మాట 'బెనె'. అదే పుటలో పైనున్న బెనిఫిట్, బెనెవలెంట్ దానికి సొంత అప్పచెల్లెళ్లు. బినైటెడ్ మాత్రం రాత్రిని చెప్పే 'నైట్' నుంచి పుట్టి, అక్షరాల పుణ్యమా అని ఆ ఇంట్లో దూరిన పరాయిది. కెనాల్, కెనరీ పక్కపక్కనే ఉంటాయి కానీ, మొదటిదాని మూలం మన కాలువ గట్ల మీది రెల్లు వంటి గొట్టపు మొక్క పేరు, రెండోదాని మూలం లాటిన్‌లో కుక్క పేరు. అదే పుటల్లో కాండిడ్, కాండిడేట్, కాండిల్ మూడూ మాత్రం తెలుపూ వెలుగూ అనే ఒకే మూలం నుంచి వచ్చాయి. రోములో పదవికి నిలబడినవాడు తెల్లని వస్త్రం ధరించేవాడట.

అందుకే నిఘంటువు వరుసలో రోజుకు పది మాటలు బట్టీ పట్టించే చదువు అంటే నాకు ఒళ్లు మంట. చిన్నప్పుడు సంస్కృత పదకోశమైన అమరకోశం వల్లించిన మా తాతయ్యకు నీళ్లు, అలలు, ఒడ్డు, బురద, పడవ, చేప అన్నీ 'వారివర్గం' అనే నీటి మాటల అధ్యాయంలో ఒక్కచోటే దొరికేవి. ఇంగ్లీషులో అలా భావాల వరుసలో పదాలు పేర్చిన పీటర్ మార్క్ రోజే అనే ఆయన కోశం 1852లో, అంటే మా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడాదే వచ్చింది. మా బడిలో దాని పేరెత్తినవారు లేరు. ఆ గడ్డ సంగతి తేలాక తాతయ్య నా నిఘంటువును అటూ ఇటూ తిప్పి చూసి, "పడవ మొదటి పుటల్లోనూ, నీళ్లు చివరి పుటల్లోనూ పెట్టాడేంట్రా వీడు, ఎలా దాటుతాడూ?" అని అడిగారు.